నాయకుడి పాఠంలోంచి రాజకీయం ఎటు పోయింది?

ప్రభుత్వం మారినప్పుడల్లా మన దగ్గర స్కూలు పుస్తకాల మీద గొడవ మొదలవుతుంది. ఎవరి పాఠం పెట్టారు, ఎవరిది తీసేశారు, బ్యాగు మీద ఎవరి బొమ్మ ఉంది, పథకానికి ఎవరి పేరు ఉంది. 2021లో పదో తరగతి తెలుగు పుస్తకంలోంచి అమరావతి పాఠం తీసేశారని ఎంత రచ్చయిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2024 జూన్‌లో తెలంగాణలో బళ్ళు తెరిచి తెలుగు పుస్తకాలు పంచాక మళ్ళీ వెనక్కి తెప్పించారు, ముందుమాట పేజీలో దిగిపోయిన ముఖ్యమంత్రి పేరు అలాగే అచ్చయిపోయిందని. ఆ తర్వాతి నెలలోనే మన రాష్ట్రంలో జగనన్న గోరుముద్ద కాస్తా డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది, జగనన్న విద్యాకానుక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. ఒక పార్టీ వాళ్ళు ఇది న్యాయం అన్నారు, ఇంకో పార్టీ వాళ్ళు కక్ష అన్నారు, టీవీల్లో వారం రోజులు నడిచింది, అయిపోయింది.

కోనసీమలో ఓ ప్రాథమిక పాఠశాలలో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని నేను. పేర్ల గొడవ అనవసరం అని నేను అనను, ఊరికి అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు మా పిల్లల కంచం దగ్గర వినిపిస్తే నాకూ సంతోషమే. నా బాధ వేరే. ఏ పేరు పెట్టినా, ఏ పేరు తీసేసినా, ఆ మనిషి గురించి పిల్లలకి చెప్పే తీరు మాత్రం ఏ ప్రభుత్వమొచ్చినా మారట్లేదు. నాయకుడి పాఠం ఎప్పుడూ ఒకే అచ్చులో వస్తుంది: ఫలానా ఊళ్ళో పుట్టాడు, చిన్నప్పుడు కష్టపడి చదువుకున్నాడు, దేశం కోసమో జనం కోసమో త్యాగం చేశాడు, మనం ఆయన అడుగుజాడల్లో నడవాలి. ఆయన ఎవరితో పోట్లాడాడు, ఎందుకు, అవతలివాళ్ళు ఏమన్నారు, ఆయన మాట నెగ్గితే ఎవరికి లాభమైంది, ఎవరికి నష్టమైంది, ఇవేవీ ఉండవు. రాజకీయ నాయకుడి జీవితంలోంచి రాజకీయాన్ని తీసేసి మిగిలినదాన్ని పిల్లలకి ఇస్తున్నాం. పిల్లల రాజకీయ గుర్తింపు మీద మన పుస్తకాల అసలు ప్రభావం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ముందు ఈ పుస్తకాలు ఎలా తయారవుతాయో కాస్త చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళకి ఇది పెద్దగా తెలీదు. ప్రాథమిక తరగతుల్లో చరిత్ర అనే సబ్జెక్టే ఉండదు. మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పరిసరాల విజ్ఞానం ఉంటుంది, సోషల్ ఆరో తరగతిలోగానీ రాదు. కాబట్టి చిన్నపిల్లలకి నాయకులు పక్కదారుల్లో తగులుతారు: తెలుగు వాచకంలో ఓ పాఠం, ఓ గేయం, పరిసరాల విజ్ఞానంలో నాలుగు లైన్లు, అట్టమీద బొమ్మ, లోపలి పేజీల్లో ప్రతిజ్ఞ, జాతీయగీతం. పుస్తకాలు రాసేది ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ) పిలిచిన టీచర్లే, వర్క్‌షాపుల్లో కూర్చుని. దేశం మొత్తానికి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఒకటి ఉంటుంది, 2005లో వచ్చినదాన్ని బట్టే ఉమ్మడి రాష్ట్రంలో 2011లో మన చట్రం రాశారు, దాన్నిబట్టి కొత్త పుస్తకాలు వచ్చాయి. 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వస్తున్నాయి. రాసిన టీచరు దగ్గర్నుంచి ఎడిటర్లు, అధికారులు, ప్రభుత్వం దాకా ఎన్నో చేతులు మారి అచ్చుకెళ్తుంది. అన్ని చేతులు మారే కాగితం మీద ఎవరికీ అభ్యంతరం లేని వాక్యమే చివరికి నిలబడుతుంది. ఎవరికీ అభ్యంతరం లేని వాక్యం అంటే "ఆయన గొప్ప దేశభక్తుడు" లాంటిది. ఇందులో కుట్ర ఏమీ లేదు. భయం ఉంది, తొందర ఉంది, జూన్ 12కి బళ్ళు తెరిచేలోపు పుస్తకం చేతికి రావాలన్న టెన్షన్ ఉంది.

ఇంత చిన్న వయసులో చదివే నాలుగు లైన్లకి అంత సీనుందా అని అడగొచ్చు. దీనిమీద అరవై ఏళ్ళ పైబడి పరిశోధన జరుగుతోంది, ఎక్కువగా అమెరికాలో. 1958లో ఫ్రెడ్ గ్రీన్‌స్టీన్ అనే రాజనీతి శాస్త్రవేత్త న్యూహేవెన్ నగరంలో నాలుగు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని అడిగి చూశాడు. అధ్యక్షుడు ఏం పని చేస్తాడో సరిగ్గా చెప్పలేని పిల్లలు కూడా ఆయన మంచివాడు, మనకి సాయం చేస్తాడు అని మాత్రం గట్టిగా చెప్పారు. అంటే ఇష్టం ముందు పుడుతుంది, సమాచారం తర్వాత వస్తుంది. తర్వాత డేవిడ్ ఈస్టన్, రాబర్ట్ హెస్ లాంటివాళ్ళు వేలమంది పిల్లల్ని అడిగి ఇంకో సంగతి తేల్చారు: చిన్నపిల్లలకి ప్రభుత్వం ముందు మనుషుల రూపంలోనే తెలుస్తుంది, అధ్యక్షుడు, పోలీసు. ఓటు, చట్టం, చట్టసభ అనేవి పెద్దవుతున్న కొద్దీ తెలుస్తాయి. ఇది మా బళ్ళో కళ్ళారా కనబడుతుంది. మూడో తరగతి పిల్లకి సీఎం ఫొటో చూపిస్తే టక్కున పేరు చెబుతుంది, అసెంబ్లీ అంటే బళ్ళో పొద్దున్న జరిగే ప్రార్థన అనుకుంటుంది.

అయితే ఆ పరిశోధన అక్కడితో ఆగలేదు. కెంటకీ రాష్ట్రంలో కొండప్రాంతపు పేద ఇళ్ళ పిల్లల్ని అడిగినప్పుడు అధ్యక్షుడి మీద అంత ప్రేమ కనబడలేదు, 1968లో ఆ ఫలితాలు వచ్చాయి. అధ్యక్షుడు నిక్సన్ దిగిపోవాల్సి వచ్చిన వాటర్‌గేట్ కుంభకోణం రోజుల్లో మామూలు పట్టణాల పిల్లల్లోనూ ఆ ఇష్టం తిరగబడింది. పుస్తకం ఎంత మంచిగా చెప్పినా ఇంట్లో అమ్మానాన్నలు, వీధిలో జనం, టీవీ చెప్పేది దానికి అడ్డుపడితే పిల్లలు వీధినే నమ్ముతారు. ఈ రెండోది మనం బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే గోదావరి డెల్టాలో వీధి చాలా గట్టిగా మాట్లాడుతుంది.

వీధి దగ్గరికి వెళ్ళేముందు పుస్తకం మొదటి పేజీ చూద్దాం. "భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు" అని మనమంతా చెయ్యి చాపి చదివినవాళ్ళమే. పిల్లాడు తన నోటితో చెప్పే మొదటి రాజకీయ వాక్యం అది. దాన్ని 1962లో తెలుగులో రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, అప్పట్లో ఆయన విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. చైనా యుద్ధం నాటి వాతావరణంలో రాశారు, 1965 నుంచి దేశమంతా చదువుతోంది. దశాబ్దాల పాటు ప్రతి పుస్తకంలోనూ ప్రతిజ్ఞ అచ్చయింది, ఆయన పేరు మాత్రం అచ్చవ్వలేదు. ఆయన పేరు లేకపోవడం వల్ల ఆయనకి జరిగిన అన్యాయం అలా ఉంచండి, పిల్లలకి జరిగే నష్టం ఇంకోటుంది. ఆ మాటలు ఆకాశం నుంచి ఊడిపడలేదని, ఒక ఉద్యోగి ఒక సమయంలో ఒక కారణంతో కూర్చుని రాశాడని తెలిస్తే, దేశం అనేది మనుషులు ఆలోచించి చేసుకున్న ఏర్పాటు అని పిల్లలకి అర్థమవుతుంది. రచయిత పేరు చెప్పకపోతే అది మంత్రంలా బట్టీ పట్టేది అవుతుంది, అంతే.

ఇక మన కాటన్ దొర. డెల్టాలో పుట్టిన పిల్లలకి ఆయన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు, ఊరూరా విగ్రహాలున్నాయి, గోదావరిలో మునిగి ఆయన్ని భగీరథుడిగా తలుచుకునే శ్లోకమే ఉంది. పాఠంలో వచ్చేది ఇంతే: కరువుతో జనం చచ్చిపోతుంటే దయగల కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు, డెల్టా అన్నపూర్ణ అయింది. ఇందులో అబద్ధం లేదు. 1832-33 కరువు నిజం, 1839 ఉప్పెన నిజం, 1847లో మొదలెట్టి 1852 కల్లా ఆనకట్ట పూర్తి చేయించింది ఆయనే, ఈ రోజు పది లక్షల ఎకరాలు ఆ నీళ్ళ మీద పండుతున్నాయన్నదీ నిజమే. కానీ వదిలేసినవి చూడండి. జిల్లాలో జనం పలచబడిపోయి కుంఫిణీ వాళ్ళకి శిస్తు రావడం తగ్గిపోయింది, ఏం చెయ్యాలో చూడమని మాంట్‌గోమరీ అనే అధికారిని పంపారు, ఆ తర్వాత కాటన్ నివేదిక రాశాడు, ఖర్చు పెడితే అంతకంత రాబడి వస్తుందని పైవాళ్ళకి లెక్క చెప్పి ఒప్పించాడు. ఆనకట్ట వెనక దయ ఉంది, శిస్తు లెక్కా ఉంది. ఆ తర్వాత కూడా ఆయన ఊరుకోలేదు, ఇండియాలో రైళ్ళ మీద తగలేస్తున్న డబ్బు కాలవల మీద పెట్టండని ఇంగ్లండులో ఏళ్ళ తరబడి వాదించాడు, 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని తన మాటలకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. సొంత ప్రభుత్వంతోనే గొడవ పెట్టుకున్న మనిషి మన పాఠంలో దయగల దొరగా మాత్రమే మిగిలాడు. పక్కనే ఉండి కూలీల్ని సమకూర్చి పని నడిపించిన వీణం వీరన్న గారు చాలామంది పిల్లలకి తెలీదు, ధవళేశ్వరం ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్తే తప్ప. రాళ్ళు మోసినవాళ్ళ సంగతి సరేసరి. ఇంకో తమాషా, కాటన్ జయంతి మే 15, బడికి వేసవి సెలవులు. కాబట్టి కాటన్ గురించి మా పిల్లలు వినే ఉపన్యాసం బళ్ళో వినరు, విగ్రహం దగ్గర రైతు నాయకుల నోట వింటారు.

ఆ పాఠం తర్వాత ఎక్కడో అల్లూరి సీతారామరాజు వస్తాడు. తెల్లదొరల మీద విల్లెక్కుపెట్టిన మన్యం వీరుడు. డెల్టాకి ఆయన సొంతమనిషి, వాళ్ళ నాన్నగారిది భీమవరం దగ్గర మోగల్లు, కొన్నాళ్ళు నరసాపురం టేలర్ హైస్కూల్లో చదివాడు, 2022 జులై 4న భీమవరంలో ముప్పై అడుగుల విగ్రహం ప్రధాని చేత ఆవిష్కరించారు. పిల్లలకి ఈ పాఠమంటే ప్రాణం. సరిగ్గా ఇక్కడే ఓ పిల్లాడు లేచి అడుగుతాడు, ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "మాస్టారండీ, తెల్లోళ్ళు మంచోళ్ళా, చెడ్డోళ్ళా?"

ప్రాథమిక బళ్ళో ఇంతకన్నా మంచి రాజకీయ ప్రశ్న నేను వినలేదు. డెల్టాకి నీళ్ళిచ్చిన ప్రభుత్వమూ, మన్యంలో పోడు కొట్టుకోవద్దన్న ప్రభుత్వమూ ఒక్కటే. ఇక్కడ భూమికి నీళ్ళిస్తే శిస్తు వస్తుంది, అక్కడ అడవిని కట్టడి చేస్తే కలప వస్తుంది, దానికి రోడ్లు కావాలి, రోడ్లకి కూలీలు కావాలి, సరైన కూలీ ఇవ్వకుండా కొండవాళ్ళ చేత చాకిరీ చేయించారు. 1882 అటవీ చట్టం, బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు చేసిన అన్యాయాలు, కొండ ఊళ్ళ మీద శిస్తు వసూలు చేసే ముఠాదార్ల హక్కులు పోవడం, ఇవన్నీ కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి దాకా వచ్చాయి. నాలుగో తరగతి పిల్లలకి ఇదంతా ఎక్కదు అంటారు కొందరు. ఎక్కుతుంది. "మన చేలోకి నీళ్ళొదిలిన ఆఫీసరు, పక్కూరి వాళ్ళని మాత్రం మీ తోటలో కట్టెలు ఏరుకోవద్దు అంటే వాళ్ళకి ఎలా ఉంటుంది?" అని అడిగి చూడండి, క్లాసంతా మాట్లాడుతుంది. కాలవ కింద పొలమున్న ఇంటి పిల్లాడు ఒకటి చెబుతాడు, కూలికెళ్ళే ఇంటి పిల్ల ఇంకోటి చెబుతుంది, ఇద్దరూ నిజమే చెబుతారు. పుస్తకం వెనక అభ్యాసంలో మాత్రం ప్రశ్న ఇలా ఉంటుంది: అల్లూరి ఎక్కడ జన్మించాడు?

అల్లూరి పాఠంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆయన ఒంటరితనం. బొమ్మలో ఆయన ఒక్కడే ఉంటాడు, కాషాయం, గడ్డం, విల్లు. వెనకాల పేర్లు లేని గిరిజనులు. ఆయన్ని 1924 మే 7న కాల్చి చంపారు, పాఠం అక్కడితో సరి. కానీ ఆ పోరాటంలో గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ములున్నారు. గంటం దొర పోరాటంలోనే చనిపోయాడు. మల్లు దొర దొరికిపోయి, అండమాన్ జైలు చూసొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎంపీగా ఎన్నికయ్యాడు. ఒక్క మనిషి జీవితంలో తుపాకీ, జైలు, ఓటు మూడూ ఉన్నాయి. పిల్లలకి స్వాతంత్ర్యం అంటే ఏమిటో, ఎన్నికలంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ మన జిల్లాల్లో దొరకదు. ఇది వదిలేసి కిందనుంచి వచ్చిన వీరుడొకడు కొండెక్కి అందర్నీ కాపాడాడు అని చెబితే, రంపచోడవరంలో కూర్చుని ఆ పాఠం చదివే కొండరెడ్డి, కోయ పిల్లకి ఏం అందుతుంది? మమ్మల్ని ఎప్పుడైనా ఎవరో వచ్చి కాపాడాల్సిందే అని అందుతుంది. భీమవరం పిల్లాడికి ఏం అందుతుంది? కాపాడేది మనవాళ్ళే అని. ఒకే పేజీ, రెండు చోట్ల రెండు రాజకీయ గుర్తింపులు తయారుచేస్తుంది. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు, కానీ జరుగుతోంది.

పొట్టి శ్రీరాములు గారి పాఠమూ అంతే, ఎక్కువ చెప్పను. 1952లో మద్రాసులో ఆయన నిరాహారదీక్ష చేసింది మన గోదావరి జిల్లా మనిషి బులుసు సాంబమూర్తి గారింట్లో. ఆ దీక్ష వెనక మద్రాసు నగరం ఎవరిదన్న తగాదా ఉంది, సీమవాళ్ళ అనుమానాలున్నాయి. అంతకు ముందు నెల్లూరులో దళితుల ఆలయ ప్రవేశం కోసం ఆయన చేసిన దీక్ష ఉంది. పిల్లలకి మిగిలేది "రాష్ట్రం కోసం ప్రాణమిచ్చాడు" అన్న ఒక్క ముక్క, పైగా 2014 తర్వాత ఏ రాష్ట్రం, దాని పుట్టినరోజు జూన్ 2నా నవంబరు 1నా అన్నది పెద్దవాళ్ళకే కొన్నేళ్ళు తేలలేదు.

ఇప్పుడు వీధిలోకి వద్దాం. మా వైపు ఏ ఊరి సెంటర్లో చూసినా విగ్రహాలే. ఎన్టీఆర్, వైఎస్సార్, అంబేద్కర్, కాటన్, అల్లూరి, రంగా. బడికి వచ్చే దారిలో పిల్లలు రోజూ వీళ్ళని దాటుకునే వస్తారు. వీళ్ళలో కొందరు పుస్తకంలో ఉన్నారు, కొందరు లేరు. 1988 డిసెంబరు 26న విజయవాడలో దీక్షా శిబిరంలోనే హత్యకి గురైన వంగవీటి మోహనరంగా ప్రాథమిక పుస్తకాల్లో ఎక్కడా కనిపించడు, డెల్టాలో మాత్రం ఆయన బొమ్మ లేని ఊరు తక్కువ. జయంతికి దండలు, వర్ధంతికి అన్నదానం, ఫ్లెక్సీలు, బైకు ర్యాలీలు. పిల్లాడు ఇంటికెళ్ళి "ఆయనెవరు?" అని అడిగితే వచ్చే మొదటి జవాబు చాలాసార్లు "మనోడు" అనో "వాళ్ళోడు" అనో ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి రాజకీయ గుర్తింపు అప్పుడు మొదలవుతుంది, ఆ ఒక్క మాటతో.

పుస్తకం పూజించడం నేర్పుతుంది, ఎవరిని పూజించాలో వీధి చెబుతుంది. పుస్తకం నాయకుణ్ణి ప్రశ్నించే అలవాటు నేర్పలేదు కాబట్టి వీధి చెప్పినదాన్ని తూచి చూసుకునే సాధనం పిల్లల దగ్గర ఉండదు. దండ వెయ్యడం వరకూ బడిలో నేర్చుకున్నాడు, మిగతాది సెంటర్లో నేర్చుకుంటాడు.

అంబేద్కర్ విషయంలో ఇది ఎక్కడిదాకా వెళ్ళిందో మా కోనసీమ వాళ్ళకి బాగా తెలుసు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి, తర్వాత కోనసీమ జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రతిపాదన వచ్చింది, మే 24న అమలాపురంలో ఆ పేరు వద్దన్న నిరసన హింసగా మారింది, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ రోజు రోడ్డుమీదకి వచ్చిన కుర్రాళ్ళలో అంబేద్కర్ పాఠం చదవనివాడు ఒక్కడు కూడా ఉండడు. అందరూ చదివారు, "రాజ్యాంగ నిర్మాత" అని ఖాళీ పూరించి మార్కు తెచ్చుకున్నారు. చిన్నప్పుడు ఆయన్ని బళ్ళో విడిగా కూర్చోబెట్టారని, నీళ్ళు ముట్టుకోనివ్వలేదని కూడా చదివారు. కానీ ఆ పాఠాల్లో నీళ్ళు ముట్టుకోనివ్వనివాళ్ళు ఎవరో ఉండదు, వాళ్ళకి ఊరూ పేరూ కులమూ ఉండవు, కష్టాలు అనే ఒక మబ్బు ఉంటుంది, దాన్ని దాటి ఆయన పట్టుదలతో చదువుకుని గొప్పవాడయ్యాడు. నీతి: మీరూ బాగా చదవండి. కులం మీద యుద్ధం చేసిన మనిషి పాఠాన్ని ఫస్టు ర్యాంకు పాఠంగా మార్చేశాం.

1927లో మహారాష్ట్రలోని మహద్ చెరువు దగ్గర ఆయన వేలమందితో వెళ్ళి దోసిలితో నీళ్ళు తాగాడు, అది హక్కని చూపించడానికి. చెరువంటే మా పిల్లలకి వివరించక్కర్లేదు. ఊరి మంచినీళ్ళ చెరువు ఏది, దళితులుండే పేట చెరువు ఏది, ఏ రేవులో ఎవరు దిగేవారు, ఇవన్నీ వాళ్ళ నాయనమ్మలు చెప్పగలరు. ఆ ఒక్క సంఘటన ఐదో తరగతిలో సరిగ్గా చెబితే అంబేద్కర్ ఎవరో, ఎవరితో ఎందుకు గొడవపడ్డాడో క్లాసులో ప్రతి పిల్లకీ అర్థమవుతుంది. అలా చెప్పినంత మాత్రాన 2022 జరిగేది కాదని నేను అనట్లేదు, దానికి వేరే కారణాలు సవాలక్ష ఉన్నాయి. కానీ ఆ కుర్రాళ్ళకి బడి ఏమిచ్చి పంపిందని అడిగితే చెప్పుకోవడానికి మా దగ్గర జవాబు లేదు.

ఆగస్టు 15 వేషాలు కూడా పాఠ్యపుస్తకంలో భాగమే, అచ్చులో లేకపోయినా. గులాబీ పెట్టుకుని నెహ్రూ, టోపీతో బోసు, విల్లుతో అల్లూరి, చీర కట్టి భారతమాత. నీలం కోటు, కళ్ళద్దాలు, చేతిలో పుస్తకం పెట్టి అంబేద్కర్ వేషం ఎవరికి ఇస్తామో గమనించండి. నేను చూసిన చాలా బళ్ళలో ఆ కోటు పేట నుంచి వచ్చే పిల్లాడికే వెళ్తుంది. టీచర్లు ఆలోచించి ఇవ్వరు, అడగడానికి వచ్చేదీ వాడే, ఇంట్లో కోటు కుట్టించేదీ వాళ్ళే. భారతమాత వేషం ఏ పిల్లకి వెళ్తుందో కూడా చూడండి. పిల్లలు మాత్రం అన్నీ చూస్తుంటారు, ఏ నాయకుడు ఎవరివాడో అక్కడ నేర్చేసుకుంటారు. గట్టిగా అనుకుంటే వచ్చే ఏడాది నుంచే చీట్లు తీసి వేషాలు ఇవ్వొచ్చు, దీనికి జీవో అక్కర్లేదు.

పుస్తకం మారిస్తే నిజంగా ఏమైనా మారుతుందా అన్నదానికి చైనాలో ఒక మంచి ఆధారం దొరికింది. అక్కడ 2004 నుంచి 2010 మధ్య హైస్కూలు పుస్తకాల్ని ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ఏడు మార్చుకుంటూ వెళ్ళారు. దానివల్ల పాతవి చదివినవాళ్ళూ కొత్తవి చదివినవాళ్ళూ ఒకే యూనివర్సిటీలో పక్కపక్కన దొరికారు. డేవిడే కాంతోని, మరికొందరు ఆర్థికవేత్తలు పెకింగ్ యూనివర్సిటీ విద్యార్థుల్ని అడిగి చూస్తే, కొత్త పుస్తకాలు చదివినవాళ్ళకి తమ ప్రభుత్వం మీద నమ్మకం ఎక్కువగా ఉంది, మార్కెట్ల మీద అనుమానం ఎక్కువగా ఉంది, అంటే పుస్తకం రాయించినవాళ్ళు కోరుకున్న వైపే. అన్ని విషయాల్లోనూ అలా జరగలేదు, పర్యావరణం లాంటి వాటిమీద అభిప్రాయాలు పెద్దగా కదల్లేదు. అది పెద్ద పిల్లల సంగతి, మనది చిన్న తరగతుల సంగతి, నాకు తెలుసు. అయినా పుస్తకంలో అచ్చయిన మాట మెదడులో దిగుతుందని, ఊరికే పోదని అర్థమవుతోంది కదా. పార్టీలకి ఈ సంగతి ముందే తెలుసు, అందుకే అంత కొట్లాట. తెల్లవాడికీ తెలుసు, 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడి వెళ్ళాక వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారని కాలేజీలో విద్యార్థుల మీద చర్య తీసుకున్నారు, వాళ్ళలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కాలేజీలోంచి బయటికి పంపారు. తరగతి గదికి బ్యాడ్జీ రావడం అంటే ఏమిటో ఆ ప్రిన్సిపాలుకి బాగా తెలుసు.

మరి టీచర్లు ఎందుకు చెప్పరు? చెప్పడానికి భయం. క్లాసులో ఒక్క మాట తేడాగా వస్తే సాయంత్రానికి సర్పంచి ఇంటికి చేరుతుంది, రాత్రికి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది, మర్నాడు మండల విద్యాధికారి ఎంఈవో గారి ఫోను వస్తుంది. ప్రభుత్వోద్యోగి రాజకీయాలు మాట్లాడకూడదన్న రూలు ఉంది, దాన్ని అందరూ నాయకుల గురించి ఏమీ మాట్లాడకూడదని అర్థం చేసుకున్నారు. మా తోటి టీచర్లని నేను తప్పుపట్టను. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలు, యాప్‌లో ఫొటోలు, మధ్యలో భోజనం లెక్కలు, వీటి మధ్య ఎవరైనా అభ్యాసంలో ఉన్న ప్రశ్నకి జవాబు రాయించి ముందుకెళ్తారు.

అయినా పార్టీ పేరెత్తకుండా, ఎవరినీ తిట్టకుండా రాజకీయం నేర్పే పాఠాలు మన నేల మీదే ఉన్నాయి. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి, 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు పద్నాలుగేళ్ళ వాలంటీరు, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూని ఆపేసింది. టిక్కెట్టు తెచ్చాకే లోపలికి వదిలింది, నెహ్రూ ఆమెని మెచ్చుకున్నాడు. తర్వాత ఆమే రాజ్యాంగ సభ సభ్యురాలైంది. దీన్ని క్రమశిక్షణ పాఠంగా చెప్పి వదిలేస్తుంటారు. అసలు ఇందులో ఉన్నది రూలు నాయకుడికీ వర్తిస్తుందన్న సంగతి, తనకన్నా పెద్దవాణ్ణి ఒక ఆడపిల్ల ఆపొచ్చన్న సంగతి. ఇది మూడో తరగతికే అర్థమవుతుంది, చెప్పి చూశాను, "అయితే మా సర్పంచి గారిని కూడా లైన్లో నుంచోమనొచ్చా అండీ?" అని అడిగిందో పిల్ల. అనొచ్చమ్మా అన్నాను.

రెండోది, పరిసరాల విజ్ఞానంలో ప్రాజెక్టు పని అని ఎలాగూ ఉంటుంది. ఎక్కువగా ఆకులు అంటించడం, కూరగాయల బొమ్మలు గీయడంతో సరిపెడతాం. ఐదో తరగతి పిల్లల్ని నోటుబుక్కు పట్టుకుని ఊరి సెంటరుకి పంపండి. ఒక్కో విగ్రహం కింద రాయి మీద ఉన్నది ఉన్నట్టు రాసుకురమ్మనండి: ఎవరి విగ్రహం, ఏ తేదీన పెట్టారు, డబ్బు ఎవరిచ్చారు, ఎవరు ఆవిష్కరించారు, ఆవిష్కరించినప్పుడు వాళ్ళ పదవి ఏమిటి. దాత పేరు నాయకుడి పేరుకన్నా పెద్ద అక్షరాల్లో ఎక్కడుందో చూడమనండి. ఆడవాళ్ళ విగ్రహాలు ఎన్నున్నాయో లెక్కపెట్టమనండి. రెండు పేటల్లో ఒకే నాయకుడి విగ్రహాలు రెండుంటే ఎందుకని ఇంట్లో అడిగి రమ్మనండి, ఒకరి జవాబు ఇంకొకరి జవాబుతో కలవకపోతే రెండూ రాసుకోమనండి. క్లాసులో బోర్డు మీద పట్టిక వేస్తే ఊరి రాజకీయ చరిత్ర మొత్తం అందులో దిగుతుంది. తప్పొప్పులు టీచరు చెప్పక్కర్లేదు, ఎంఈవో గారు వచ్చి అడిగినా చూపించడానికి అభ్యంతరం ఉండని పట్టిక అది, రాతి మీద ఉన్నదే కదా రాశారు. అది అయ్యాక కాటన్ పాఠం తీసి, ఈ పాఠం రాసినవాళ్ళు ఏయే విషయాలు రాయలేదో చెప్పండర్రా అంటే, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మొదలుపెడతారు: ఆనకట్టకి రాళ్ళెవరు మోశారండీ, వాళ్ళకి ఎంతిచ్చారండీ, వాళ్ళు ఏ ఊరివాళ్ళండీ.